గృహవాసము – మనఃక్లేశము – శాస్త్రమార్గము

శార్వరి నామ సంవత్సర ఉగాది నాడు, అనగా 2020 మార్చి 25వ తేదీన, ప్రజలెవ్వరును గడప దాటరాదను శాసనము భారతదేశమంతటను అమలులోనికి వచ్చెను. పంచాంగశ్రవణము జరుగవలసిన మండపములు నిర్జనములై యుండెను. తిరుమలలో అప్పటికే మార్చి 20 నుండి భక్తులకు దర్శనము నిలిచిపోయి, జూన్ రెండవ వారము వరకు స్వామివారి కైంకర్యములన్నియు ఏకాంతముగనే సాగెను. ఏప్రిల్ 2వ తేదీన శ్రీరామనవమి రాగా భద్రాచల సీతారాముల కల్యాణము భక్తజనము లేకయే జరిగెను. దేవుడు గర్భాలయమునందు, భక్తుడు గృహమునందు, ఎవరి చోట వారు ఉండిపోయిన కాలమది.

ఆ వ్యాధి ఉధృతి శమించినది. కాని ఆ కాలము బయటపెట్టిన ఒక సత్యము మాత్రము నేటికిని శమింపలేదు. గృహమునకే పరిమితమైన మనుష్యుని మనస్సు తనను తాను దహించుకొనును. మహమ్మారి పోయినను ఇంటికే పరిమితమైన వారు పోలేదు. బిడ్డలు విదేశములలో ఉండగా నాలుగవ అంతస్తు ఫ్లాటులో కాలము గడుపుచున్న వృద్ధదంపతులు, పక్షవాతముతో మంచము పట్టినవారు, వారికి రేయింబవళ్లు సేవ చేయుచు వీధి ముఖము చూడని కోడండ్రు, కుమార్తెలు, గదిలో కంప్యూటరు ఎదుటనే ఉదయాస్తమయములు గడచిపోవు యువకులు – వీరందరికిని ఆ ఉగాది ఇంకను ముగియలేదు.

ఇట్టివారు ఆస్తికులైనచో వారికి సాధారణముగ రెండు సమాధానములు లభించుచున్నవి. మొదటిది: "అంతయు ప్రారబ్ధము, నామజపము చేయుము, దిగులు పడుట భక్తి లేకపోవుటయే" అను మందలింపు. రెండవది: చేతిలో ఫోను పెట్టుకొని దుఃఖమును మరచుట. మొదటిది చూచుటకు వేదాంతమువలె కనబడును, రెండవది విశ్రాంతివలె కనబడును. రెండును శాస్త్రసమ్మతములు కావు. మొదటిది బాధపడువానిని అపరాధిని చేయును. రెండవది బాధను దాచి పెంచును. మనఃక్లేశమును గూర్చి ఋషులు, ఆచార్యులు చెప్పిన మార్గము వీనికంటె మిక్కిలి కరుణ గలది, మిక్కిలి ఆచరణయోగ్యమైనది.

విషాదము అపరాధము కాదు

భగవద్గీతలో ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. శోకమునకు సైతము "యోగము" అను నామము తగిలించిన గ్రంథమది. ఆ అధ్యాయమున అర్జునుడు తన స్థితిని శరీరలక్షణములతో వర్ణించును. అవయవములు పట్టు తప్పుచున్నవి, నోరెండుచున్నది, మేను వణకుచున్నది, చర్మము మండుచున్నది, నిలువలేకున్నాడు, మనస్సు గిరగిర తిరుగుచున్నది. నేటి వైద్యుడు ఆందోళనకు లక్షణములుగా అడిగి తెలిసికొనునవి ఇవియే కదా!

అటుపిమ్మట జరిగినది సాధకులు శ్రద్ధగా గమనింపవలసినది. ద్వితీయాధ్యాయారంభమున భగవానుడు రెండు శ్లోకములలో అర్జునుని హెచ్చరించి లెమ్మనెను. ఆ హెచ్చరికతో అర్జునుని శోకము తీరలేదు. అతడు మరల తన వేదననే విన్నవించి, శరణాగతుడై, మౌనము వహించెను. అప్పుడు గాని అసలైన ఉపదేశము ఆరంభము కాలేదు. అది పదునెనిమిదవ అధ్యాయము వరకు సాగిన సంభాషణము. నడుమ ఎన్ని ప్రశ్నలు, ఎన్ని సందేహములు, చెప్పినదే మరల చెప్పిన సందర్భములెన్ని! జగద్గురువు నోట వచ్చిన హెచ్చరికయే ఒంటరిగా చాలనప్పుడు, ఇంటిలో క్రుంగిపోయిన తల్లికో, తమ్మునికో "ధైర్యముగా నుండుము" అను ఒక్క మాట చెప్పి కర్తవ్యము తీరినదనుకొనుట ఎంతటి అవివేకము!

ఛాందోగ్యోపనిషత్తునందు నారద మహర్షి సనత్కుమారుని సమీపించి, తాను అభ్యసించిన వేదములను, విద్యలను వరుసగా పేర్కొని, ఇన్ని నేర్చియు తాను శోకించుచునే యున్నానని నిస్సంకోచముగ చెప్పుకొనెను. నారదునకు లేని సిగ్గు సామాన్య గృహస్థునకు ఏల? పతంజలి మహర్షియు యోగసూత్రముల సమాధిపాదమున చిత్తవిక్షేపములకు తోడుగా వచ్చు నాలుగింటిని చెప్పెను. దుఃఖము, మనస్సు క్రుంగుట, శరీరకంపము, ఉచ్ఛ్వాసనిశ్శ్వాసముల క్రమము తప్పుట. వీనిని ఆయన పాపములుగా లెక్కింపలేదు. మార్గమున ఎదురగు ఆటంకములుగా లెక్కించి, వెంటనే ఉపాయములను చెప్పెను. కావున గృహవాసమున దిగులు చెందిన భక్తుడు మొదట తెలిసికొనవలసినది, తన భక్తికి లోపము కలుగలేదని.

కన్నీటికి అనుమతి కలదు

చరకసంహిత సూత్రస్థానమున ఒక సూక్ష్మమైన విభాగము కలదు. శరీరమునకు సహజముగ కలుగు వేగములలో పదుమూడింటిని బలవంతముగ ఆపరాదని చరకుడు విధించెను. ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, ఆవలింత మున్నగువానితో పాటు కన్నీరును ఆ పదుమూడింటిలో చేర్చెను. ఆపినచో రోగము కలుగునని చెప్పెను. మరియొక వైపున లోభము, శోకము, భయము, క్రోధము మొదలైన మనోవేగములను నిగ్రహింపవలెనని చెప్పెను.

ఈ రెండింటిని కలిపి చూచినపుడు గొప్ప వివేకము దొరకును. కన్నీరు వచ్చినపుడు రానీయవలెను. కాని శోకమునకు పగ్గములు అప్పగింపరాదు. ఏడ్చినవాడు బలహీనుడు కాడు. ఏడ్పును మ్రింగి, ఆ మ్రింగినదానిని భార్యపైనో, బిడ్డలపైనో క్రోధముగా వెడలగ్రక్కువాడే వేగమునకు దాసుడు. పెక్కు ఇండ్లలో పురుషులు బాల్యము నుండి నేర్చినది ఈ రెండవ పద్ధతినే. మగవాడు ఏడ్వరాదను మాట చరకుని శాస్త్రమున కనబడదు.

తెలుగునాట దీనికి పరమ ప్రమాణము కంచెర్ల గోపన్న. పదునేడవ శతాబ్దమున గోల్కొండ ప్రభువు తానీషా కాలములో చెరసాల పాలై, పండ్రెండేండ్లు అందులో గడపెనని ప్రసిద్ధి. గోల్కొండ కోటలో రామదాసు చెరసాలగా ఆ స్థలమును నేటికిని చూపుదురు. ఆ నాలుగు గోడల నడుమ ఆయన నిబ్బరముగ చిరునవ్వుతో కూర్చుండెనని ఎవ్వరును చెప్పరు. ఆయన కీర్తనలలో మొర కలదు, అలుక కలదు, సీతమ్మతో సిఫారసు కలదు. చేయించిన ఆభరణములను లెక్క చెప్పి శ్రీరాముని నిలదీసిన కోపము కలదు. ఆ కీర్తన చివరనే, బాధ ఓర్వలేక అన్న మాటలకు మన్నింపుమను వేడికోలును కలదు. ఆయన తన వేదనను అణచలేదు, తనలోనే తిప్పుకొనుచు కూర్చుండలేదు. వినువాని ఎదుట పెట్టెను, రాగతాళబద్ధము చేసెను. భక్తులు నిత్యము పాడుకొను ఆ సంకీర్తనములనుండి గ్రహింపవలసిన సాధనారహస్యమిది. దేవుని ఎదుట ఫిర్యాదు చేయుటయు ప్రార్థనయే. నోటికి రాని బాధను ప్రతిదినము ఒక పుటలో వ్రాసికొనుట, ఆప్తునితో నడి మాటలాడుట, పూజామందిరమున కూర్చుండి తెలుగులో తన గోడు చెప్పుకొనుట – ఇవియన్నియు ఆ కోవలోనివే.

సంకల్పము, దినక్రమము

యతులకు చాతుర్మాస్య దీక్ష కలదు. వర్షర్తువున సంచారము మాని, వ్యాసపూర్ణిమ మొదలుకొని ఒకే చోట నివసింతురు. నేల తడిసి అసంఖ్యాక జీవులు పుట్టు ఆ ఋతువున నడకవలన హింస జరుగరాదను దయయే దానికి మూలము. పక్షమునే మాసముగ గణించి భాద్రపద పూర్ణిమతో ముగించు సంప్రదాయము పెక్కు పీఠములలో కలదు. ఎల్లప్పుడు సంచరించు పరివ్రాజకునకు కదలరాదను నియమము శిక్షగా తోచవలెను. కాని అది ఆయనకు తపస్సగుచున్నది. ఏలయన, దానికి ఆద్యంతములు కలవు, ప్రయోజనము కలదు, మొదట సంకల్పము కలదు, ప్రతిదినమునకు ఒక క్రమము కలదు.

గృహమునకు పరిమితమైనవాని దుఃఖములో పెద్ద భాగము ఈ నాలుగింటి లోపమువలననే కలుగును. కోరి వచ్చిన స్థితి కాదు గనుక సంకల్పము లేదు. ఎప్పుడు ముగియునో తెలియదు. తనవలన ప్రయోజనమేమో కనబడదు. వెలుపలి పనులు నిలిచినందున దినమునకు కీళ్లు ఊడిపోయినట్లగును; ఏ వేళ ఏది చేయవలెనో తెలియక పగలు రాత్రిలోనికి, రాత్రి పగటిలోనికి జారిపోవును. ఇచ్ఛ లేక వచ్చిన నిర్బంధమును సంకల్పమాత్రముచే సుఖముగా మార్చుకొనవచ్చునని చెప్పుట అతిశయోక్తి. మంచము పట్టినవానితో అట్లనుట క్రూరత్వము. కాని ఆద్యంతములు లేనిదానికి చిన్న చిన్న ఆద్యంతములు కల్పించుట సర్వులకు సాధ్యము. "ఈ మండలము నలుబది దినములు ఇట్లుందును" అని ఆచమించి సంకల్పము చెప్పుకొనినవానికి కాలము కొలమానము గలదగును.

దినమునకు కీళ్లు సంధ్యలు. సంధి అను మాటయే దానిని చెప్పుచున్నది. ఉపనీతులకు త్రికాల సంధ్యావందనము కలదు. తక్కినవారికి ప్రాతఃకాలమున వాకిట ముగ్గు, తులసికోటకు ప్రదక్షిణము, సూర్యునకు నమస్కారము, సాయంకాలమున దీపారాధనము కలవు. వీనిని కేవలము ఆచారములని త్రోసిపుచ్చువారు ఒక విషయము విస్మరింతురు. ఇవి శరీరమును శయ్యనుండి లేపి, స్నానము చేయించి, ఉదయపుటెండలో నిలిపి, వంచి, నడిపించి, సాయంకాలమున పని ముగిసినదని మనస్సునకు చాటుచున్నవి. ఫ్లాటులో వాకిలి లేనివారు బాల్కనీలో తూర్పుముఖముగ పది నిమిషములు నిలువవచ్చును. ఆరోగ్యము అనుమతించినవారు సూర్యనమస్కారములు చేయవచ్చును. కానివారు గదిలోనే ఇష్టదేవతానామముతో అడుగులు లెక్కించుచు నడువవచ్చును. ప్రదక్షిణమనగా నడకయే, మధ్యన దేవుని నిలుపుకొనిన నడక.

ఆహారనిద్రలలో, విహారకర్మలలో మితము గలవానికే యోగము దుఃఖనాశకమగునని గీతలో ఆరవ అధ్యాయము బోధించుచున్నది. అతిగా తినుట ఎట్లు కూడదో అసలు తినకుండుటయు అట్లే కూడదు. అతినిద్ర ఎట్లో అతిజాగరణమును అట్లే. ఇంటనే ఉన్నాము గదా అని ఏకాదశికి మరి రెండు ఉపవాసములు చేర్చి, అర్ధరాత్రి దాటువరకు మేల్కొని, దానిని తపస్సనుకొనువారు ఈ నియమమును స్మరింపవలెను. క్లేశసమయమున ఉగ్రవ్రతములు కావు, వేళకు అన్నము, వేళకు నిద్ర, ఇవియే మొదటి వ్రతములు.

శ్వాస అను తాళపుచెవి

మనస్సును నేరుగా పట్టుకొనుట దుష్కరము. శ్వాసను పట్టుకొనుట సుకరము. మనస్సు కలగినపుడు శ్వాస కలగునని పతంజలి చెప్పుటలోనే, శ్వాసను సరిచేసి మనస్సును సరిచేయవచ్చునను సూచన కలదు. ఆయన చెప్పిన ఉపాయములలో నిశ్శ్వాసమును మెల్లగా విడుచుట ఒకటి. దీనికి యోగశాల అక్కరలేదు. వెన్ను నిటారుగా నుంచి, నాలుగు అంకెలు లెక్కించునంతసేపు గాలి పీల్చి, ఆరు లేక ఎనిమిది అంకెలు లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. పది మారులు చాలును. పీల్చుటకంటె విడుచుట దీర్ఘముగ నుండుటయే ఇందు ముఖ్యము. గట్టిగా బంధించు కుంభకములు గురుముఖమున నేర్చినవారికే. రక్తపోటు, హృద్రోగము గలవారు, గర్భిణులు వానిని చేయరాదు.

వేదాధ్యయనము చేసిన బాలుడు పనస మొత్తము ఒక్క ఊపిరిలో చెప్పుటకు శ్రమించును. తెలియకయే అతడు దీర్ఘనిశ్శ్వాసమును అభ్యసించుచున్నాడు. వేదాధికారము, వేదాభ్యాసము లేనివారికి విష్ణుసహస్రనామము, లలితాసహస్రనామము, హనుమాన్ చాలీసా ఏదియైనను తొందరపడక పైకి చదివినచో అదే ఫలము కలుగును. మనస్సులో గబగబ ముగించిన నూరావృత్తులకంటె, నోరార నెమ్మదిగా చదివిన ఒక్క ఆవృత్తి కలత చెందిన చిత్తమునకు హితము.

ఇంద్రియములకును ఆహారశుద్ధి

ఆహారశుద్ధివలన చిత్తశుద్ధి కలుగునను ఉపదేశము సనత్కుమారుడు నారదునకు చెప్పినదే. అచ్చట ఆహారమనగా నోటితో తినునది మాత్రమే కాదనియు, శబ్దాది విషయములను ఇంద్రియములతో గ్రహించుటయనియు శంకర భగవత్పాదులు భాష్యమున వివరించిరి. ఉల్లి, వెల్లుల్లి తగులకుండ జాగ్రత్తపడుచు, కంటికిని చెవికిని దినమెల్ల భయమును, ద్వేషమును, అపవాదములను తినిపించువాడు ఆహారనియమము పాటించినట్లు కాదు.

2020లో ప్రతి గృహమునందును జరిగినది ఇదే. మృతుల సంఖ్యలు గంటకొకమారు చూచుట, నిజమో కాదో తెలియని ఔషధములను వాట్సాప్‌లో పదిమందికి పంపుట, దానివలన తామును కలగి పరులను కలచుట. వార్తలు తెలిసికొనుట గృహస్థునకు అవసరమే. దానికి పగలు ఒకమారు, సాయంకాలము ఒకమారు నియత సమయము చాలును. నిద్రకు ముందు గంటసేపు ఫోనును పూజామందిరపు గదికి దూరముగను, పడకకు దూరముగను ఉంచవలెను. సరిచూడని వార్తను పంపుట సత్యవ్రతమునకు భంగమని ప్రతి ఆస్తికుడును గుర్తింపవలెను.

ఇందు భక్తులకు ప్రత్యేకముగ చెప్పవలసినది ఒకటి కలదు. ఉదయమునుండి రాత్రివరకు ప్రవచనముల వీడియోలు ఒకదానివెంట ఒకటి వినుచు కూర్చుండుటయు శ్రవణము కాదు. శ్రవణమునకు పిదప మననము, అటుపిమ్మట నిదిధ్యాసనము అను క్రమము కలదు. అరగంట విని గంట ఆలోచించినవాడు శ్రోత. ఎనిమిది గంటలు విని ఆలోచింపనివాడు ఇంద్రియములకు వేరొక మేత వేసినవాడు మాత్రమే.

ఇల్లాలి శ్రమ ఎవరి యజ్ఞము?

ధర్మశాస్త్రము గృహస్థుని ఇంట పంచసూనలను చెప్పినది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లబిందె. ఈ ఐదు చోట్ల తెలియకయే సూక్ష్మజీవులకు హింస జరుగును గనుక, దాని ప్రాయశ్చిత్తముగ బ్రహ్మ, దేవ, పితృ, భూత, మనుష్య యజ్ఞములను ఐదింటిని గృహస్థునకు విధించినది. పంచమహాయజ్ఞములను గూర్చి ఉపన్యసించువారు పెక్కుమంది. కాని ఆ ఐదు సూనల వద్ద నిలిచి వంగి పనిచేయువారెవ్వరని అడుగువారు అరుదు.

ఇంటిల్లిపాదియు ఇంటనే యున్నపుడు ఆ ఐదింటి వద్దను పని రెండింతలగును. ముమ్మారు వంట, నాలుగు మారులు కాఫీ, అడుగడుగునకు పాత్రలు. పనిమనిషి రాని దినములలో అదియు ఇల్లాలిపైనే. ఆమెకు ఇల్లు విశ్రాంతిస్థానము కాదు, కార్యస్థానము. ఇంటికి పరిమితమగుటయనగా ఆమెకు పనినుండి వెలుపలికి దారి లేకుండుట. అట్టి సమయమున తాను జపములో ఉన్నానని చెప్పి మాల చేతబట్టి కూర్చుండి, మడి నీళ్లు మొదలుకొని మహానైవేద్యము వరకు భార్య చేతులమీదుగ నడిపించుకొనువాని జపమునకు ఫలమేమి? మనుష్యయజ్ఞము అతిథితో మొదలగునని తలచుట పొరపాటు. అది ఇంటనున్న మనుష్యులతోనే మొదలగును. అంట్లు తోముట, కూరలు తరుగుట, రోగిని స్నానము చేయించుట పురుషునకు అమర్యాద యని ఏ శాస్త్రమును చెప్పలేదు. విరాటుని కొలువున భీమసేనుడు ఏడాది కాలము వంటశాలలో గరిటె త్రిప్పెను. అందువలన అతని క్షాత్రము తరుగలేదు. పాండవులు ఆ అజ్ఞాతవాసమును దాటగలిగిరన్న, ద్రౌపదితో కూడ ఆర్వురును తలకొక పని పంచుకొనుటయే దానికి ఒక కారణము.

వాక్కునకు సంబంధించిన తపస్సును గీతలో పదునేడవ అధ్యాయము వివరించును. ఎదుటివారికి ఉద్వేగము కలిగింపనిది, సత్యము, ప్రియము, హితము అయిన మాటయే ఆ తపస్సు. ఇరుకు గదులలో నలుగురు కలిసి మెలగునపుడు ఆ తపస్సు హిమాలయములలోని తపస్సుకంటె కఠినము. కోపము వచ్చినపుడు గది మారుట, మాటను సాయంకాలమువరకు వాయిదా వేయుట, దినములో ఒక గంట అందరును మౌనము పాటించుట, ఒక్కొక్కరికి ఏకాంతముగ కూర్చుండుటకు ఒక మూలను కేటాయించుట సులభోపాయములు.

మాట హద్దు దాటి చేయి లేచినచోట ఉపాయములు పనికిరావు. 2020లో జనము ఇండ్లకు పరిమితమైన వారములలోనే గృహహింస ఫిర్యాదులు అధికమైనవని జాతీయ మహిళా కమిషన్ ప్రకటించెను. హింసకు గురియైన స్త్రీతో "ఇది నీ ప్రారబ్ధము, సహించుము" అని చెప్పువాడు, అతడెంత పండితుడైనను, అధర్మమునకు సాక్షి కాక సహకారియే యగును. కర్మసిద్ధాంతము తన దుఃఖమును తాను అర్థము చేసికొనుటకు ఉద్దేశింపబడినది. పరుల దుఃఖమును చూచియు కదలకుండుటకు కాదు. 181 అను మహిళా సహాయవాణి సంఖ్య ప్రతి ఇంట తెలిసియుండవలెను.

కదలలేనివానికి దేవాలయము

నడువగలవానికి ప్రదక్షిణము కలదు. శయ్యకే పరిమితమైన వృద్ధునకేమి కలదు? ఆయనకు మానసపూజ కలదు. తమిళదేశమున తిరునిన్రవూరులో పూసలార్ అను శివభక్తుడుండెను. ఆలయము కట్టుటకు ఆయనకు ధనము లేదు. ఎంత యాచించినను లభింపలేదు. అప్పుడాయన హృదయమునందే పునాది త్రవ్వి, ఒక్కొక్క శిలను పేర్చి, శిఖరము నిలిపి, బావి త్రవ్వించి, కుంభాభిషేకమునకు ముహూర్తము నిశ్చయించెను. అదే ముహూర్తమునకు కాంచీపురమున పల్లవరాజు తాను నిర్మించిన శిలామందిరమునకు ప్రతిష్ఠ తలపెట్టెను. పరమశివుడు రాజునకు స్వప్నమున కనబడి, ఆ దినము తనకు పూసలారు ఆలయమున పని కలదని, ప్రతిష్ఠను వాయిదా వేసికొమ్మని ఆదేశించెనని పెరియపురాణము చెప్పుచున్నది.

ఈ కథలో గమనింపదగినది పూసలారు తొందరపడకపోవుట. ఆయన ఒక్క ఊహతో ఆలయమును ముగింపలేదు. కాలక్రమమున, శిల్పశాస్త్రానుసారముగ కట్టెను. కదలలేని వృద్ధులును అట్లే చేయవచ్చును. తాము యౌవనమున దర్శించిన క్షేత్రమును స్మరించి, మెట్టుమెట్టుగ ఎక్కి, ధ్వజస్తంభమునకు మ్రొక్కి, స్వామికి పాదాదిశిరఃపర్యంతము అభిషేకము చేసి, ఒక్కొక్క పుష్పమునుంచి, హారతినిచ్చి మరలవచ్చుటకు ఒక గంట పట్టును. ఆ గంటసేపు చిత్తమునకు చింతింప తీరిక యుండదు. ప్రక్కన కూర్చున్న మనుమడు "తాతగారూ, ఇపుడెచ్చట ఉన్నారు?" అని అడిగి వినినచో ఇరువురికిని అది సత్సంగమే.

వైద్యము దైవమునకు విరోధి కాదు

చరకుడు చికిత్సను మూడు విధములుగ చెప్పెను. జపహోమాదులతో కూడిన దైవవ్యపాశ్రయము, ఔషధాహారములతో కూడిన యుక్తివ్యపాశ్రయము, మనస్సును అహితమునుండి మరలించు సత్త్వావజయము. ఈ మూడును శాస్త్రమే. ఒకటి చేసినవాడు తక్కినవానిని విడువవలెనని ఎచ్చటను చెప్పబడలేదు. స్తోత్రపారాయణము మొదలుపెట్టితిమి గనుక మనోవ్యాధికి వైద్యుడిచ్చిన మాత్రలను మానివేయుట శాస్త్రమునకే విరుద్ధము. రెండు వారములు దాటినను నిద్ర పట్టక, ఆకలి చచ్చి, దేనియందును ఆసక్తి లేక, జీవితముపై విరక్తి గాక విసుగు కలిగినచో అది వైరాగ్యము కాదు, వ్యాధి. వైరాగ్యము మనస్సును తేలిక చేయును, వ్యాధి బరువు చేయును. అట్టివారు మానసిక వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరు నుండి కేంద్రప్రభుత్వము నడుపుచున్న టెలి మానస్ సేవ 14416 అను సంఖ్యపై ఉచితముగ లభించుచున్నది. ఆ సంఖ్యకు ఫోను చేయుటయు యుక్తివ్యపాశ్రయమే.

ప్రాణము విడువవలెనను తలంపు కలిగినవానిని ఎట్లు ఓదార్చవలెనో సుందరకాండము నేర్పుచున్నది. అశోకవనమున బందీయైన సీతమ్మ అట్టి తలంపు అంచువరకు వెళ్లెను. హనుమంతుడు ఆమెకు వేదాంతము చెప్పలేదు. ఏ భాషలో మాటాడినచో ఆమె భయపడదో మొదట ఆలోచించెను. చెట్టుమీదనే దాగి, మృదువుగ ఆమెకు పరిచయమైన రామకథను పాడెను. పిదప దిగి వచ్చి, దూరముగ నిలిచి, ఆమె సందేహములన్నింటికి సమాధానము చెప్పి, అంగుళీయకము నిచ్చెను. వీపుమీద కొనిపోయెదనని చెప్పినపుడు ఆమె కాదనగా, వాదింపక అంగీకరించెను. తెలిసిన గొంతుక, నమ్మదగిన గురుతు, వినెడి ఓర్పు, తిరిగి వత్తునను మాట – ఓదార్పునకు కావలసినవి ఈ నాలుగే. 2020లో తిరుమల తిరుపతి దేవస్థానము సుందరకాండ పారాయణమును దూరదర్శన ప్రసారముగ అందింపగా లక్షలాది గృహములలో అది వినబడెను. ఆ కాండమును పారాయణము చేసిన ప్రతివారును అదే వీధిలో ఒంటరిగ నున్న ఒక్క వృద్ధుని తలుపు వద్ద, లేక ఫోనులో, వారమునకొకమారు హనుమంతుడు కాగలిగినచో ఆ పారాయణము సఫలము.

సాధన ఫలించుచున్నదా లేదా అని తెలియుటకు జపసంఖ్య ఒక్కటియే కొలమానము కాదు. గృహస్థుడు పూజామందిరమునుండి లేచి వచ్చినపుడు ఇంటివారు బెదరి సర్దుకొనుచున్నారా, నిశ్చింతగ ఊపిరి పీల్చుకొనుచున్నారా అను ప్రశ్నయే సరియైన కొలమానము. నాలుగు గోడల నడుమ ఒక్క మనుష్యునకు భయము తగ్గించినవాడు ఆ దినమునకు తన చాతుర్మాస్యమును చక్కగా నడిపినవాడే.

స్వస్తి.